చివరి రీడింగు ఎంత? సొరంగ పేలుళ్ల వార్తల్లో కనిపించని ప్రశ్న

సంపాదకులకు,

అయ్యా,

భూగర్భంలో తవ్వకాలు జరిగే చోట పేలుడు సంభవించిన ప్రతిసారీ పత్రికల్లో దాదాపు ఒకే మాట కనిపిస్తుంది: ‘గ్యాస్ లీకై పేలుడు’. సొరంగ పనుల్లో గాలి సరఫరా, వాయు పరీక్షల బాధ్యత చూస్తూ ముప్ఫై ఏళ్లకు పైగా గడిపిన నాకు ఆ మాట చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. లీకు అనగానే ఎక్కడో పైపు పగిలిందనీ, అంతా రెప్పపాటులో జరిగిపోయిందనీ, ఎవరూ ముందుగా పసిగట్టే వీలు లేదనీ పాఠకుడికి తోస్తుంది. రాతి పగుళ్లలోంచి, ఊట నీటిలోంచి వచ్చే మీథేన్ ఒక్కసారిగా ఎగజిమ్మే సందర్భాలు లేకపోలేదు గానీ, చాలా ప్రమాదాల్లో అది గంటల తరబడి, రోజుల తరబడి వస్తూనే ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని కొలిచే ఉంటారు, లేదా కొలవవలసిన చోట కొలవకుండా వదిలేసి ఉంటారు. ఆ కొలతకూ, ఆ తరువాత తీసుకున్న నిర్ణయానికీ మధ్య ఏం జరిగిందన్నదే అసలు వార్త అని నా నమ్మకం. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందుగా ఆ వాయువు నైజం గురించి కొంత చెప్పాలి. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. వంట గ్యాస్‌కు ఉండే వాసన మనం గుర్తుపట్టడానికి కావాలని కలిపినది. రాతిలోంచి వచ్చే వాయువుకు అలా కలిపేవారు ఎవరూ ఉండరు. గాలిలో దాని పాలు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది; 9.5 శాతం దగ్గర ఆ పేలుడు అతి తీవ్రంగా ఉంటుంది. 15 దాటితే పేలదు కదా అని ధైర్యపడటానికి వీల్లేదు, ఎందుకంటే ఆ చిక్కటి వాయువు చుట్టూ ఉన్న గాలితో కలిసి పలచబడేటప్పుడు 15, 10, 5 మెట్ల మీదుగానే కిందికి దిగాలి. దాన్ని అంటించడానికి ఒక మిల్లీజౌల్‌లో మూడో వంతు శక్తి కూడా అక్కర్లేదు. పొడి వాతావరణంలో సింథటిక్ బట్టలు వేసుకున్న మనిషి ఇనుప తలుపు ముట్టుకున్నప్పుడు చేతికి చురుక్కుమనే నిప్పురవ్వలో అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి ఉంటుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది దాని బరువు. మీథేన్ గాలి బరువులో సగం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. అందుచేత అది పైకి లేచి, సొరంగం పైకప్పును అంటిపెట్టుకుని పలచని పొరలా పరుచుకుంటుంది. కింద గాలి మందకొడిగా కదులుతుంటే ఆ పొర చెదరదు; సొరంగం వాలుగా ఉంటే గాలికి ఎదురుగా కూడా పైకప్పు వెంబడి ఎగువకు పాకుతుంది. అది చెదరాలంటే గాలి సెకనుకు కనీసం అర మీటరు వేగంతో వీచాలని మాకు నేర్పేవారు. మనిషి నిలబడిన ఎత్తులో గాలి శుభ్రంగా ఉండి, తల మీద రెండు మీటర్ల ఎత్తున మీథేన్ ప్రమాదకరంగా పేరుకుని ఉండటం ఊహించి రాసిన సంగతి కాదు. నేను కళ్లారా చూసినది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక రాత్రి షిఫ్టులో జరిగిన విషయం ఇది. తవ్వుతున్న చివరి గోడను మేం ‘ఫేస్’ అంటాం. ఆ ఫేస్ దగ్గర డిటెక్టర్ అప్పటికి రెండు రోజులుగా గంటకోసారి మోగుతూ పనిని ఆపేస్తోంది. నేను షిఫ్టులోకి దిగేసరికి అది మోగడం మానేసింది, రిజిస్టర్‌లో మీథేన్ శాతం వరుసగా 0.2, 0.2, 0.1 అని రాసి ఉంది. పరికరం కోసం తలెత్తి చూస్తే అది ఉండవలసిన చోట లేదు. పైకప్పుకు వేలాడదీసిన కొక్కెం నుంచి విప్పి, డ్రిల్లింగ్ యంత్రం పక్క కడ్డీకి ఛాతీ ఎత్తులో బైండింగ్ వైరుతో కట్టేశారు. అడిగితే, ‘పైన పెడితే ఊరికే ఏడుస్తోంది, ఇక్కడైతే బాగానే ఉంది’ అన్నాడు ఆ షిఫ్టు సూపర్‌వైజర్. ఆయనలో దురుద్దేశం ఏమీ లేదు. అవసరానికి మించి రాయి ఊడిపోయి, పైకప్పును ఆపే ఇనుప చట్రాల (రిబ్బుల) పైన గూడులాంటి గొయ్యి ఒకటి ఏర్పడింది. పొడవాటి గొట్టం తగిలించి ఆ గూట్లోని గాలిని చేతి పంపుతో పరికరంలోకి లాగి చూస్తే అంకె 2.1 దగ్గర ఆగింది. ఛాతీ ఎత్తులో 0.2, మూడు మీటర్ల పైన 2.1. ఆ గూటికి అడుగు దూరంలో మర్నాడు పొద్దున రిబ్బులకు వెల్డింగ్ చేయాలని పనుల పట్టికలో రాసి ఉంది. గూటిలోని నిల్వ అడుగు పొరలో 2.1 ఉంటే, ఇంకా పైన ఎంత ఉందో కొలిచేటంత పొడవు మా గొట్టానికి లేదు. ఆ రాత్రి పని ఆపించాం, గూట్లోకి విడిగా గాలి గొట్టం పెట్టి ఊదించాం, తరువాత దాన్ని కాంక్రీటుతో నింపేశాం. ఎవరికీ ఏమీ కాలేదు కనుక అది వార్త కాలేదు. ఆ రిజిస్టర్‌లోని 0.2 అబద్ధమూ కాదు. అది ఛాతీ ఎత్తులో నిజం.

అంకెల విషయంలో మరో చిక్కు ఉంది. చాలా పరికరాలు మీథేన్‌ను గాలిలో ఎంత శాతం అని చూపవు. పేలే కనిష్ఠ స్థాయిలో నూటికి ఎన్ని వంతులు అని చూపుతాయి. 5 శాతం మీథేన్ అంటే ఆ తెరపై 100; 1 శాతం అంటే 20. ఒక పరికరంలో 1 అని, మరో పరికరంలో 20 అని కనబడేది ఒకే గాలి. రెండు రకాల పరికరాలు ఒకే పనిచోట తిరుగుతుంటే, ఫోన్‌లో ‘రీడింగు ఒకటి’ అని చెప్పిన మనిషికీ, విన్న మనిషికీ మధ్య ఇరవై రెట్లు తేడా రావచ్చు. రిజిస్టర్‌లో అంకె పక్కన ప్రమాణం రాయాలన్న చిన్న నియమం కోసం నేను ఎన్ని సమావేశాల్లో పోరాడానో లెక్కలేదు.

పరికరాలకూ పరిమితులు ఉన్నాయి. వేడెక్కిన చిన్న పూస మీద వాయువును మండించి కొలిచే రకానికి ఆక్సిజన్ కావాలి. మీథేన్ బాగా చిక్కబడి ఆక్సిజన్ తగ్గిన చోట అది పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగే అంకె చూపి మోసం చేస్తుంది. సిలికోన్ ఆవిర్లు తగిలితే ఆ పూస మొద్దుబారి, వాయువు ఉన్నా సున్నా చూపుతుంది. పరారుణ కాంతితో కొలిచే రకానికి ఈ రెండు బలహీనతలు లేవు గానీ, బ్యాటరీల చార్జింగ్ దగ్గర పుట్టే హైడ్రోజన్ దాని కంటికి ఆనదు. అందుకే ప్రతి షిఫ్టు మొదట్లో తెలిసిన వాయువును పరికరం మీదికి వదిలి అది పలుకుతోందో లేదో చూసుకోవాలి. రెండు నిమిషాల పని. దాన్ని దాటవేసి ‘స్టిక్కర్ మీద తేదీ ఉంది కదా’ అనే చోట నాకు నిద్ర పట్టేది కాదు.

‘ఇది బొగ్గు గని కాదు కదా’ అన్న మాట నేను నా ఉద్యోగ జీవితంలో విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు. బొగ్గు గనుల వాళ్లకు ఈ భయం తరతరాలుగా ఒంటబట్టింది. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో 92 మంది, 1913లో వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో 439 మంది గని కార్మికులు పేలుళ్లలో చనిపోయారు. అయితే నీళ్ల కోసం, రైళ్ల కోసం, విద్యుత్తు కోసం తవ్వే సొరంగాల్లో ఆ భయం ఉండదు. 1971 జూన్ 24న అమెరికాలో లాస్ ఏంజిలిస్ దగ్గర సిల్మార్‌లో నీటి సరఫరా కోసం తవ్వుతున్న సొరంగంలో మీథేన్ పేలి 17 మంది చనిపోయారు. అది బొగ్గు గని కాదు. ముందు రోజే అక్కడ చిన్న పేలుడు జరిగి నలుగురు గాయపడ్డారు. అయినా పని మళ్లీ మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్ వద్ద సరస్సు అడుగున తవ్వుతున్న నీటి సొరంగంలో పేలుడుకు 22 మంది బలయ్యారు. ఒకే ఏడాది, ఒకే దేశం, రెండు నీటి సొరంగాలు.

ఇంగ్లండ్‌లోని ఆబీస్టెడ్ ఉదంతం అంతకంటే ఆలోచింపజేస్తుంది. అక్కడ నీటిని తరలించే సొరంగం తవ్వకం ఎప్పుడో ముగిసి, అది వాడకంలోకి వచ్చేసింది. 1984 మే 23న చుట్టుపక్కల ప్రజలు ఆ నీటి పథకాన్ని చూడటానికి వచ్చారు. అంతకు ముందు 17 రోజులపాటు పంపులు నడవలేదు. ఆ వ్యవధిలో సొరంగంలో కొంత మేర నీరు ఖాళీ అయి, ఆ ఖాళీలోకి మీథేన్ చేరింది. లోతైన రాతిపొరల నుంచి వచ్చిన ఆ వాయువు నీటిలో కరిగి, సొరంగం లోపలి పూత గుండా ఊరింది. ఒత్తిడిలో ఉన్నంతసేపు నీటిలో కరిగి ఉండే మీథేన్, ఒత్తిడి తగ్గగానే సోడా బుడ్డి మూత తీసినట్టు బయటికి వస్తుంది. సందర్శకులకు చూపించడానికి పంపులు వేయగానే నీరు ముందుకు తోసుకొచ్చి, ఆ వాయువును వారు నిలబడిన వాల్వ్ గదిలోకి నెట్టింది. అక్కడ ఉన్న 44 మందిలో 16 మంది చనిపోయారు. దాన్ని అంటించిన నిప్పు ఏమిటో చివరికీ తేలలేదు. రాయిలో ఏముందో చూసినవారు నీటిలో ఏముందో చూడలేదన్నది నేను ఆ ఘటన నుంచి నేర్చుకున్న పాఠం. ఆ తరువాత ఊట నీటి నమూనాను సీసాలో పట్టి వాయు పరీక్షకు పంపకుండా నేను ఏ సొరంగాన్నీ ‘వాయువు లేనిది’ అని సంతకం చేయలేదు.

నల్ల షేల్ రాయి, నూనె తగిలిన ఇసుకరాయి, కుళ్లిన మొక్కల పదార్థం కలిసిన ఒండ్రు నేల, పాత చెత్త దిబ్బలు, వీటిలో ఏది దారిలో తగిలినా మీథేన్‌ను ఆశించాలి. జనావాసాల కింద తవ్వేటప్పుడు పాత పెట్రోలు ట్యాంకుల నుంచి కారిన ఇంధనం మరో శత్రువు. దాని ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కనుక పైకప్పున కాక కాళ్ల దగ్గర, గుంటల్లో పేరుకుంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పేలే స్థాయికి ఎంతో ముందే ప్రాణం తీస్తుంది. పైగా దాని మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. ‘వాసన పోయింది, గాలి బాగుపడింది’ అనుకోవడం అక్కడ ప్రాణాంతకం.

ఇక గాలి సంగతి. ఈ ప్రమాదానికి మొదటి మందు గాలే, దాని లెక్క ఎవరైనా చేయగలిగినంత సులువు. రాతిలోంచి నిమిషానికి 6 ఘనపు మీటర్ల మీథేన్ వస్తోందనుకుందాం. దాన్ని 1 శాతానికి పలచబరచాలంటే నిమిషానికి సుమారు 600 ఘనపు మీటర్ల గాలి కావాలి. పావు శాతానికి దించాలంటే 2,400 కావాలి. ఆ 600 ఫ్యాన్ దగ్గర కొలిచి తృప్తిపడితే కుదరదు. సొరంగం పొడవునా వేలాడే గాలి గొట్టానికి చిరుగులు పడతాయి, లారీలు తగిలి అతుకులు విడిపోతాయి. సగం గాలి దారిలోనే కారిపోతే ఫేస్ దగ్గరికి చేరేది 300. అక్కడ మీథేన్ 2 శాతానికి చేరుతుంది, ఫ్యాన్ మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతూనే ఉంటుంది. గొట్టం చివర ఫేస్‌కు ఎంత దూరంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. బ్లాస్టింగ్ రాళ్లు తగులుతాయని గొట్టాన్ని వెనక్కి చుట్టి, తరువాత ముందుకు లాగడం మరిచిపోతే ఫేస్ ముందున్న గాలి కదలక నిలవ నీరులా ఉండిపోతుంది.

ఫ్యాన్ ఆగిపోయిన తరువాతి గంట అన్నింటికంటే గండం. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే మనుషులు బయటికి వస్తారు, అది అందరికీ తెలుసు. కరెంటు తిరిగి రాగానే ఏం జరుగుతుందన్నది చాలామంది ఆలోచించరు. ఫ్యాన్‌తో పాటే లోపలి లైట్లు, పంపులు, యంత్రాలు ఒకేసారి ప్రాణం పోసుకుంటే, ఈలోగా పేరుకున్న వాయువు మధ్యలో స్విచ్‌లు నిప్పురవ్వలు రాలుస్తాయి. ముందు ఫ్యాన్ ఒక్కటే నడవాలి, లోపలి గాలి పూర్తిగా మారాలి, ఆ తరువాత పరికరం పట్టుకున్న మనిషి పైకప్పు వెంబడి కొలుచుకుంటూ లోపలికి వెళ్లి రావాలి, అప్పుడే మిగతా కరెంటు. ఈ వరుసను మనుషుల జ్ఞాపకశక్తికి వదలకుండా స్విచ్ బోర్డులోనే బిగించాలి. మంటను లోపలే చల్లార్చే ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలు, నిప్పు పుట్టించలేనంత తక్కువ శక్తితో నడిచే సర్క్యూట్లు, అగ్గిపెట్టెల నిషేధం, ఇవన్నీ తప్పనిసరే. కానీ ఇవి రెండో వరుస రక్షణ. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెకు పది బోల్టుల్లో రెండు లేకపోతే అది మామూలు పెట్టెతో సమానం.

ఇన్ని చెప్పాక కూడా నేను మొదట ఎత్తిన ప్రశ్న అలాగే మిగిలి ఉంది: కొలిచిన తరువాత ఏం చేస్తారు? అమెరికాలో భూగర్భ నిర్మాణ పనుల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పేలే కనిష్ఠ స్థాయిలో 5 శాతానికి వాయువు చేరితే గాలి పెంచాలి, 10 శాతానికి చేరితే వెల్డింగ్, కటింగ్ వంటి నిప్పు పనులు ఆపాలి, 20 శాతానికి చేరితే ప్రమాదాన్ని తొలగించడానికి అవసరమైనవారిని తప్ప మనుషులందరినీ బయటికి పంపి, గాలికీ నీటి పంపులకూ తప్ప మిగతా కరెంటు కోసేయాలి. ఈ అంకెల్లో ‘పరిశీలించి నిర్ణయించాలి’ అనే మాటకు చోటు లేదు. అంకె రాగానే పని జరగాలి. ఏ దేశంలో తవ్వినా, ఏ సంస్థ తవ్వినా ఇలాంటి మెట్లు తవ్వకం మొదలుకాక ముందే రాసుకుని, ఆ అంకె చూసిన టెక్నీషియనే ఎవరి అనుమతీ లేకుండా పని ఆపగలిగేలా లిఖితపూర్వకంగా అధికారం ఇవ్వాలి. ఆపినందుకు అతన్ని మర్నాడు సంజాయిషీ అడగకూడదు. నేను చూసినంతలో పనిని ఆపే అధికారం కాగితం మీద ఇంజినీరుకు ఉంటుంది, పరికరం మాత్రం దినకూలీ చేతిలో ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరంలోనే మనుషులు చనిపోతారు.

అది నా ఒక్కడి భయం కాదని న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గని చెబుతుంది. 2010 నవంబర్ 19న అక్కడ జరిగిన పేలుడులో 29 మంది చనిపోయారు. ఇద్దరే బయటపడ్డారు. ఆ తరువాత ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ రికార్డులు తిరగేస్తే, పేలుడుకు ముందు 48 రోజుల్లో మీథేన్ పేలే స్థాయికి చేరినట్టు 21 నివేదికలు, అంతకు తక్కువే అయినా ప్రమాదకరమైన స్థాయిలో ఉన్నట్టు మరో 27 నివేదికలు కనిపించాయి. ప్రధాన ఫ్యాన్‌ను కూడా నేల మీద కాక భూగర్భంలోనే పెట్టారు. మొదటి పేలుడుతోనే అది పనికిరాకుండా పోయింది. పరికరాలు పలికాయి, మనుషులు రాశారు, కాగితాలు ఫైళ్లలోకి చేరాయి. పని ఆగలేదు.

మంచి పరికరం వచ్చినంత మాత్రాన ప్రాణాలు దక్కవని చెప్పడానికి రెండు వందల ఏళ్ల కిందటి ఉదాహరణ కూడా ఉంది. ఫెల్లింగ్ దుర్ఘటన తరువాత 1815లో హంఫ్రీ డేవీ జాలీ చుట్టిన దీపాన్ని తయారు చేశాడు. దాని మంట బయటి వాయువును అంటించదు. మంట చుట్టూ ఏర్పడే నీలి వెలుగును బట్టి వాయువు ఉందని తెలుస్తుంది. అయినా ఆ దీపం వచ్చిన తరువాత పేలుళ్ల చావులు ఆశించినట్టు తగ్గలేదు, ఎందుకంటే అంతవరకూ ప్రమాదకరమని వదిలేసిన చోట్లకు ఆ దీపం ఇచ్చిన ధైర్యంతో మనుషులను పంపారు. ఇవాళ డిజిటల్ తెరలున్న పరికరాలతోనూ అదే జరగడం నేను చూశాను.

అందుచేత మీకు నా విన్నపం ఒకటే. ఇకమీదట ఎక్కడ సొరంగంలో పేలుడు జరిగినా, మీ విలేకరులు ‘గ్యాస్ లీక్’ దగ్గర ఆగకుండా కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు ముద్రించాలి. పేలుడుకు ముందు చివరి రీడింగు ఎంత? అది ఏ ప్రమాణంలో రాశారు? ఏ ఎత్తులో, ఎన్ని గంటలకు, ఎవరు తీశారు? అంతకు ముందు వారం రోజుల్లో అలారం ఎన్నిసార్లు మోగింది, మోగినప్పుడు పని ఎంతసేపు ఆగింది? ఫ్యాన్ చివరిసారి ఎప్పుడు ఆగింది, తిరిగి ఎవరి మాట మీద నడిచింది? జవాబు రాకపోతే, ‘అడిగాం, చెప్పలేదు’ అని రాసినా చాలు. ఆ రిజిస్టర్‌ను పేలుడు జరిగిన మర్నాడే చూపమని అడగాలి. వారం గడిచాక అడిగితే ప్రయోజనం ఉండదు. ఆ పేజీలు చదవడంలో మీ వారికి ఎక్కడైనా అర్థం కాకపోతే, ఏ వేళలోనైనా కూర్చుని వివరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత సొరంగ వెంటిలేషన్ ఇంజినీరు